తుపాకి గొట్టము మారినచో తుపాకి మారునా?

వేట రైఫిలునకు కర్రతో చేసిన మడమ కలదు. బోల్టు, మీట, స్ప్రింగులు, గురి చూచు పలకలు కలవు. సరిగా కాపాడినచో ఇవి నూరేండ్లైనను చెడవు. వీని అన్నింటికంటె ముందుగా అరిగిపోవునది గొట్టము. తుపాకి పేలిన ప్రతిసారియు నిప్పువంటి వాయువు దాని లోపలి ఉక్కును నాకుచు పోవును. గుండు దానిని రాచుకొనుచు పోవును. మిగిలిన మసి తేమను పీల్చి తుప్పు పట్టించును. కావున పాతకాలపు విలువైన వేట రైఫిలు ఎవరి ఇంటనైనను ఉన్నచో ఏదో ఒకనాడు ఈ ప్రశ్న రాక తప్పదు. గొట్టము మార్చవలెనా? మార్చినచో ఎట్టి గొట్టమును ఎన్నుకొనవలెను?

ఇది పనివాని ప్రశ్నవలె కనబడును గాని, దీనిలో లోహశాస్త్రము, యంత్రశాస్త్రము, రసాయనశాస్త్రము, చరిత్ర, చట్టము అన్నియు ఇమిడి యున్నవి. గడచిన నాలుగు శతాబ్దములలో ఈ ప్రశ్నకు జవాబు ఎట్లు మారుచు వచ్చినదో తెలిసికొన్నచో నేటి జవాబు సులభమగును.

తీరమునకు వచ్చిన తుపాకులు

బాపట్ల, పిట్టలవానిపాలెము, రేపల్లె ప్రాంతము కృష్ణానదికి పడమటి డెల్టా భూమి. దీనికి చేరువనే నిజాంపట్నము రేవు కలదు. పాశ్చాత్య వర్తకులు దీనిని పెటపోలి అని వ్రాసిరి. డచ్చివారు 1606లో ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. 1611లో ‘గ్లోబు’ అను ఆంగ్ల నౌక ఈ రేవునకు వచ్చి, పిమ్మట మచిలీపట్నము చేరెను. ఆకాలపు వర్తక నౌకలన్నియు తుపాకులు, ఫిరంగులు ధరించి తిరిగినవే.

ఆనాటి తుపాకి వత్తితో పేల్చునది. దాని గొట్టమును చేయు విధము మన కమ్మరులకును, ఐరోపా కమ్మరులకును ఇంచుమించు ఒక్కటే. ఇనుప పట్టీని కాచి, ఒక కడ్డీచుట్టును చుట్టి, అంచులను సమ్మెటతో అతికి, కడ్డీని తీసివేసి, లోపలిభాగమును నునుపు చేయుదురు. రెండు గొట్టముల లోపలి కొలత సరిగా ఒక్కటిగా ఉండుట అరుదు. అయినను చిక్కు లేదు. ఏలయన, ప్రతి తుపాకికిని దాని కొలతకు తగిన గుండ్ల అచ్చు వేరుగా ఉండెడిది. సీసమును కరగించి ఆ అచ్చులో పోసి, తుపాకి యజమాని తన గుండ్లను తానే చేసికొనెడివాడు. గొట్టము పగిలినచో కమ్మరి మరియొక గొట్టము చేయును. దానికి మరియొక అచ్చు చేయును. అంతటితో పని తీరెను.

ఇచ్చట ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. ఆ కాలమున గుండు తుపాకికొరకు చేయబడెను. యంత్రయుగము వచ్చిన పిదప తుపాకియే తూటాకొరకు చేయబడెను. తూటాలు కర్మాగారములలో లక్షలకొలది ఒకే కొలతతో తయారగుట ఆరంభించిన నాటినుండి గొట్టమును ఎన్నుకొనుట అనునది కొలతల సమస్యగా మారెను.

కోనసముద్రపు ఉక్కు – గొట్టపు ఉక్కు

తెలుగు దేశపు ఉక్కు లోకప్రసిద్ధమైనది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కు ముద్దలను పారశీక వర్తకులు కొనిపోయెడివారు. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయిసీ 19వ శతాబ్దపు మొదటి పాదమున ఈ గ్రామమునకు వచ్చి, ఆ విధానమును చూచి వ్రాసెను. ఆంగ్లేయులు ఇట్టి భారతీయపు ఉక్కును ‘వూట్జ్’ అనిరి; ఇది ‘ఉక్కు’ అను మాటనుండియే వచ్చినదని పలువురి అభిప్రాయము. మైఖేల్ ఫారడే 1819 మొదలు స్టోడార్టుతో కలిసి దీనిపై ప్రయోగములు చేసెను.

ఇంత గొప్ప ఉక్కుతో తుపాకి గొట్టములు చేయలేదా అని విద్యార్థులు అడుగవచ్చును. ఈ ఉక్కు ముఖ్యముగా కత్తులకు, బాకులకు పోయెను. దానిలో కర్బనము నూటికి ఒకటిన్నర వంతు వరకు ఉండును. అందువలన అది మిక్కిలి గట్టిది, అంచు నిలుపుకొనును. కాని గొట్టమునకు కావలసిన గుణము వేరు. పేలుడు దెబ్బకు క్షణకాలము కొద్దిగా సాగి, పగులక తిరిగి తన రూపమునకు రావలెను. కాఠిన్యము ఒక గుణము, దార్ఢ్యము మరియొక గుణము. కత్తికి మొదటిది, గొట్టమునకు రెండవది ప్రధానము.

పాత వేట తుపాకులపై అలలవంటి చారలు చూచి అవి కత్తులపై గల చారలే అనుకొనుట కలదు. కత్తిపై గల అలలు మూసలో ఉక్కు చల్లబడునపుడు ఏర్పడిన స్ఫటికములవలన వచ్చినవి. ‘డమాస్కస్’ గొట్టములపై గల అలలు ఇనుప పట్టీలను, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికినందువలన వచ్చినవి. అట్టి గొట్టము అతుకుల మయము. నల్లమందు ఒత్తిడికి సరిపడునది. నేటి పొగలేని మందు తూటాలను అందు పేల్చుట ప్రమాదకరము.

మెలిక గాడులు

నునుపైన గొట్టమునుండి వచ్చిన గుండు గాలిలో దారి తప్పును. గొట్టము లోపల మెలికగా గాడులు తీసినచో, గుండు వానిని పట్టుకొని బొంగరమువలె తిరుగుచు వెడలును. తిరుగుచున్న బొంగరము పడిపోనట్లే అదియు తన అక్షమును తప్పదు. ఇట్టి గాడులు గల తుపాకియే రైఫిలు.

మెలిక ఎంత ఉండవలెను? గొట్టము మార్చువాడు తప్పక అడుగవలసిన ప్రశ్న ఇది. 1879లో ఆల్‌ఫ్రెడ్ గ్రీన్‌హిల్ అను ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు ఒక సులభ సూత్రమును ఇచ్చెను. గుండు వ్యాసమును అంగుళములలో తీసికొని, దానిని దానితోనే హెచ్చించి, 150చే హెచ్చించి, గుండు పొడవుచే భాగింపవలెను. వచ్చిన సంఖ్య ఎన్ని అంగుళములకు గాడి ఒక చుట్టు తిరుగవలెనో చెప్పును.

గోళాకారపు సీసపు గుండును తీసికొందురు గాక. దాని పొడవును వ్యాసమును ఒక్కటే. వ్యాసము అర అంగుళమైనచో 75 అంగుళములకు ఒక చుట్టు చాలును. అందువలననే గోళపు గుండ్లకై చేసిన పాత రైఫిళ్లలో మెలిక ఉన్నదో లేదో అన్నట్లు ఉండును. ఇపుడు 0.311 అంగుళము వ్యాసము, 1¼ అంగుళముల పొడవు గల సన్నని గుండును తీసికొన్నచో లెక్కకు వచ్చునది సుమారు 11½ అంగుళములు. 303 బోరు సైనిక రైఫిలుకు 10 అంగుళములకు ఒక చుట్టు నిర్ణయించిరి. గుండు సెకనుకు 2,000 అడుగుల వేగముతో వెడలునప్పుడు అట్టి గొట్టమునుండి సెకనుకు 2,400 చుట్లు తిరుగుచు వెడలును. మెలిక చాలనిచో పొడవైన గుండు గాలిలో తలక్రిందులగును. కావున బోరు సరిపోయినంత మాత్రమున గొట్టము సరిపోయినట్లు కాదు.

గొట్టము మారి, పేరు మారిన రైఫిలు

గొట్టమును మార్చుటలో గల సమస్యను లోకమునకు నేర్పినది 303 రైఫిలే. 1888లో బ్రిటిషు సైన్యము దీనిని స్వీకరించెను. బోల్టు ఏర్పాటు జేమ్స్ పారిస్ లీ అనువానిది. గొట్టపు గాడులు విలియం మెట్‌ఫర్డ్ అను ఇంజనీరువి. ఇద్దరి పేర్లతో అది ‘లీ–మెట్‌ఫర్డ్’ అయ్యెను. మెట్‌ఫర్డ్ గాడులు ఏడు; లోతు తక్కువ, అంచులు గుండ్రన. నల్లమందు మసి పేరుకొనకుండుటకు అవి చక్కగా అమరినవి.

కొలదికాలమునకే నల్లమందు పోయి కార్డైట్ అను పొగలేని మందు వచ్చెను. మొదటి కార్డైట్‌లో నూటికి 58 వంతులు నైట్రోగ్లిసరిను. దాని మంట మిక్కిలి వేడి. ఆ వేడికి లోతులేని గాడులు, ముఖ్యముగా తూటా గది ముందుభాగమున, త్వరగా కరిగి అరిగిపోయెను. 1895లో ఎన్‌ఫీల్డు ఆయుధశాలవారు ఐదు లోతైన, పదునైన అంచుల గాడులు గల గొట్టమును నిర్ణయించిరి. మిగిలిన రైఫిలు చాలవరకు పాతదే. అయినను దాని పేరు ‘లీ–ఎన్‌ఫీల్డ్’ అయ్యెను. తరువాత 1901లో మందును కూడ మార్చి నైట్రోగ్లిసరినును నూటికి 30 వంతులకు తగ్గించిరి.

ఈ కథ రెండు పాఠములు చెప్పుచున్నది. గొట్టమును, మందును కలిపి ఆలోచింపవలెను. ఒక కాలపు గొట్టము మరియొక కాలపు మందునకు తగదు. గొట్టము మారినచో రైఫిలు పేరు సైతము మారదగినంత మార్పు కలుగును.

450 బోరుపై నిషేధము

1898లో జాన్ రిగ్బీ సంస్థవారు 450 బోరు నైట్రో ఎక్స్‌ప్రెస్ అను తూటాను తెచ్చిరి. 480 గ్రెయినుల గుండు, అనగా సుమారు 31 గ్రాములు, సెకనుకు 2,150 అడుగుల వేగముతో వెడలును. దాని శక్తి సుమారు 6,700 జౌళ్లు. పులి, అడవిదున్న, ఏనుగు వేటకు దొరలును, సంస్థానాధీశులును రెండు గొట్టముల 450 రైఫిళ్లను తెప్పించిరి.

1905–07 ప్రాంతమున బ్రిటిషు ప్రభుత్వము ఇండియాలో 450 బోరు తూటాల దిగుమతిని నిషేధించెను. కారణము వేట కాదు. సైన్యము విడిచిన మార్టినీ–హెన్రీ రైఫిళ్ల బోరు కూడ 450యే. ఆ తూటాల గుండ్లు, భాగములు తిరుగుబాటుదారుల చేతిలోని పాత సైనిక రైఫిళ్లకు పనికివచ్చునని భయపడిరి. వెంటనే ఆంగ్ల పనివారు 465, 470, 475 బోరు తూటాలను ముందుకు తెచ్చిరి. 1907లో హాలండ్ అండ్ హాలండ్‌వారు తెచ్చిన 465 తూటా గుండు బరువు 480 గ్రెయినులే, వేగము 2,150 అడుగులే. మారినది వ్యాసము మాత్రమే. 450 గుండు వ్యాసము 0.458 అంగుళము, 465 గుండు వ్యాసము 0.468 అంగుళము. తేడా అంగుళములో నూరవ వంతు. అనగా పావు మిల్లీమీటరు. ఆ పావు మిల్లీమీటరు ఒక తూటాను నేరముగను, మరియొక దానిని న్యాయముగను చేసెను.

ఇంట 450 రైఫిలు ఉన్నవానికి ఇది చిక్కుప్రశ్న. లోపలిభాగమును తొలిచి పెద్దది చేసినచో గోడ పలుచనగును; కొత్త గాడులు తీయవలెను; తూటా గదిని మార్చవలెను. కొత్త గొట్టములు వేయుదమన్నచో, జంటగొట్టముల రైఫిలులో రెండు గొట్టములు ఒకే చోట గుండు పడునట్లు కొద్దిగా ఒకదానివైపు ఒకటి వంచి అతుకబడి యుండును. పనివాడు ఒక నిర్ణీత తూటాను పేల్చి చూచుచు, మూతులమధ్య గల చీలను సవరించుచు, మరల పేల్చి చూచుచు దీనిని కుదుర్చును. గొట్టములు మార్చుట అనగా ఈ పని అంతయు మొదటినుండి చేయుట. అది కొత్త రైఫిలు చేయుటకు ఇంచుమించు సమానము.

ఇట్టి చట్టపు నీడలోనే 315 బోరు కూడ మన దేశమున స్థిరపడెను. 303 సైనిక తూటా అగుటచే పౌరులకు నిషిద్ధము. 315 తూటా మొదట ఆస్ట్రియా సైన్యపుదైనను, ఈ దేశపు సైన్యమున వాడుకలో లేదు. కావున వేట రైఫిళ్లకు దానిని తీసికొనిరి. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వ ఆయుధ కర్మాగారములును 315 రైఫిళ్లనే పౌరులకై తయారుచేసెను.

ఉప్పుగాలి, ఉప్పు మసి

గొట్టము చెడినదని చెప్పుటకు ముందు అది నిజముగా చెడినదో లేదో చూడవలెను. నిజాంపట్నము, సూర్యలంక తీరములవైపునుండి వచ్చు గాలిలో ఉప్పు కలదు. కాలువల నడుమ నున్న పిట్టలవానిపాలెము వంటి ఊళ్లలో ఏడాదిలో చాలకాలము తేమ కలదు. ఉక్కునకు ఇవి రెండును శత్రువులే. వీనికితోడు మూడవ శత్రువు తూటాలోనే కలదు.

పాత తూటాల అడుగున, సూది తగిలి మండు మిశ్రమములో పొటాషియం క్లోరేటు ఉండెడిది. అది మండి ఆక్సిజనును విడిచి, పొటాషియం క్లోరైడుగా మారి గొట్టమున మిగులును. ఇది వంట ఉప్పునకు దగ్గర చుట్టము. గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినును. నూనె రాసిన చాలుననుకొన్నవారు మోసపోయిరి. ఉప్పు నూనెలో కరగదు. నీటిలోనే కరగును. వేడినీటితో కడిగి, బాగుగా ఆరబెట్టి, పిమ్మట నూనె రాయవలెనని సైనికులకు నేర్పిన విధానమునకు కారణమిదియే. తరువాత ఐరోపాలో క్లోరేటు లేని మిశ్రమములు వచ్చినవి గాని, పాత సైనిక తూటాలలో క్లోరేటు చాలకాలము నిలిచెను.

కావున నల్లగా, గరుకుగా కనబడు ప్రతి గొట్టమును అరిగినది కాదు. ముందు శుభ్రపరచి, మెత్తని సీసపు ముద్దను మెల్లగా గొట్టముగుండ త్రోసి, దానిపై పడిన గాడుల ముద్రను మైక్రోమీటరుతో కొలిచి చూడవలెను. తూటా గది ముందుభాగము, మూతి అంచు, ఈ రెంటిని వేరుగా పరీక్షింపవలెను. ఇది లైసెన్సు గల నిపుణుడు చేయవలసిన పని.

ఎన్నికకు వరుస

గొట్టము నిజముగనే పనికిరానిదని తేలినచో ఆలోచనకు ఒక వరుస కలదు.

మొదటిది తూటా. రైఫిలు ఏ తూటాకొరకు పుట్టినదో ఆ తూటాకే గొట్టము వేయుట ఉత్తమము. ఆనాటి చిత్తూరు జిల్లాలోని చామల అడవులలో వేటాడి పుస్తకములు వ్రాసిన కెన్నెత్ ఆండర్సన్ 1895 నమూనా వించెస్టరును, 405 బోరు తూటాను వాడెను. ఆ తూటాలు తరువాత అరుదైపోయెను. తూటా దొరకదని వేరు బోరు గొట్టము వేసినచో రైఫిలు పేలును గాని, దాని చరిత్ర అక్కడితో తెగును.

రెండవది ఒత్తిడి. గొట్టము ఎంత బలమైనదైనను, తూటాను వెనుకనుండి పట్టియుంచునది బోల్టు, దాని చట్రము. 1960 తరువాత ఇషాపూరు కర్మాగారమున లీ–ఎన్‌ఫీల్డును 7.62 మిల్లీమీటరుల తూటాకు మార్చినపుడు గొట్టము మాత్రము మార్చి ఊరకుండలేదు. చట్రమునకు మరింత బలమైన ఉక్కును వాడిరి. ఇంట నున్న పాత రైఫిలు చట్రమునకు అట్టి బలము చేకూర్చుట సాధ్యము కాదు.

మూడవది మెలిక, వాడబోవు గుండు పొడవునకు తగినదై యుండవలెను. నాలుగవది తూటా గదికిని బోల్టుకును నడుమ ఉండవలసిన వెడము; ఇది ఎక్కువైనచో తూటా తొడుగు చిట్లి వాయువు వెనుకకు తన్నును. ఐదవది గొట్టపు పొడవు, బరువు, బాహ్యరూపము. ఇవి మారినచో రైఫిలు తూనిక మారును, కర్ర భాగమున సరిగా కూర్చొనదు.

వీనికన్న వేరైన మార్గము ఒకటి కలదు. పాత గొట్టము పైభాగమును అట్లే ఉంచి, లోపలిభాగమును తొలిచి, గాడులు గల పలుచని ఉక్కు గొట్టమును అందు దిగవేయుట. దీనివలన పైనున్న పేరు, సంఖ్య, ముద్రలు నిలుచును. తక్కువ ఒత్తిడి తూటాలకు ఇది చక్కగా నప్పును. ఎక్కువ ఒత్తిడి తూటాలకు నిపుణుని నిర్ణయము లేనిదే తగదు.

ముద్రలు చెప్పు సాక్ష్యము

లండను తుపాకి పనివారి సంఘము 1637లో ఏర్పడెను. బర్మింగ్‌హామున పరీక్షాశాల 1813 చట్టముచే ఏర్పడెను. అచ్చట ప్రతి గొట్టమును మామూలుకంటె హెచ్చు మందుతో పేల్చి, నిలిచినదానిపై ముద్ర వేయుదురు. చేసినవాని పేరు, క్రమసంఖ్య, పరీక్షాముద్ర, ఏ మందుతో పరీక్షించిరి అను గుర్తు, ఇవి సాధారణముగా గొట్టముమీదనే ఉండును. పాత రైఫిలు ఎప్పటిది, ఎచ్చటిది, ఏ తూటాకు చేసినది అని చెప్పు శాసనము గొట్టమే. గొట్టమును పారవేయుట అనగా శాసనపు రాతిని పగులగొట్టి గట్టునకు వేసికొనుట వంటిది. కొత్త గొట్టమునకు పాత ముద్ర హామీ కాదు. దానిని మరల పరీక్షింపవలసినదే.

చట్టమును ఇట్లే చూచును. 1959 ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1న అమలునకు వచ్చెను. దాని ప్రకారము ఆయుధముల భాగములును ఆయుధములే. లైసెన్సు లేనివాడు వ్యాపారముగా తుపాకిని చేయుట, మార్చుట, బాగుచేయుట, పరీక్షించుట నేరము. తుపాకిపై గల పేరును, సంఖ్యను చెరిపివేయుటయు నేరమే. వాడుకలో లేని పద్ధతిది, పురాతన విలువ గలది, లేక చెడిపోయినది అయి, బాగుచేసినను పేలుటకు వీలులేని ఆయుధమును ఈ చట్టమే మినహాయించినది. కావున మూగవోయిన పాత తుపాకికి కొత్త గొట్టము వేయుట దానికి ప్రాణము పోయుట మాత్రమే కాదు. పురావస్తువును మరల ఆయుధముగా చేయుట. 2019 సవరణచే సాధారణముగా ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గెను. వారసత్వముగా వచ్చిన తుపాకికిని లెక్క కలదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప వేట రైఫిలుకు వేట అను ప్రయోజనము క్రమముగా పోయెను. ఇక నిలిచిన ప్రయోజనములు రెండు: గురిపోటీలలో వాడుట, చరిత్రవస్తువుగా కాపాడుట. గురికొరకైనచో మంచి కొత్త గొట్టము న్యాయమే. చరిత్రకొరకైనచో అరిగిన గొట్టమే అసలు గొట్టము. అది పేలకున్నను దాని విలువ తగ్గదు. రెండును కావలెనన్నవాడు కొత్త గొట్టమును అనుమతితో వేయించి, ఎప్పుడు, ఎవరు, ఏ తూటాకు వేసినదియు వ్రాసి ఉంచి, పాత గొట్టమును లైసెన్సు అధికారికి తెలిపి, కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, రైఫిలుతోనే భద్రపరచవలెను. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమున ఆయుధముల గదిని చూడబోవు విద్యార్థులు తుపాకుల కర్రపై గల నగిషీలను చూచి ఊరకుండక, గొట్టముపై గల చిన్న ముద్రలను కూడ వెదకి చూచుట మంచిది.